మంచమా, నడకా? లూపస్ అలసట వెనక నూటయాభై ఏళ్ల కథ

ఈ ఎపిసోడ్‌ని ఒక చిన్న మాటతో మొదలుపెడదాం. "ఓపిక లేదు." మన ఇళ్లల్లో రోజుకి పదిసార్లు వినిపించే మాటే ఇది. మామూలుగా అయితే కాస్త కాఫీ తాగి, ఓ గంట నడుం వాలిస్తే ఆ ఓపిక తిరిగొచ్చేస్తుంది. కానీ లూపస్ అనే జబ్బు ఉన్నవాళ్లు ఇదే మాట అంటే దాని బరువు వేరు. రాత్రంతా నిద్రపోయి లేచినా, స్నానం చేసి జడ వేసుకునేసరికే ఒంట్లో ఛార్జింగ్ మొత్తం అయిపోయినట్టు ఉంటుంది. మళ్లీ పడుకుంటే ఛార్జ్ అవుతుందా అంటే, అదీ అవ్వదు.

అలాంటప్పుడు చుట్టూ ఉన్నవాళ్ల నుంచి రెండు రకాల సలహాలు వస్తాయి. ఒకటి, "నువ్వేం కదలకమ్మా, రెస్ట్ తీసుకో." రెండోది, "ఇదంతా బద్ధకం, లేచి నాలుగు పనులు చేస్తే అదే పోతుంది." మొదటిది ప్రేమతో అంటారు, రెండోది విసుగుతో అంటారు. తమాషా ఏంటంటే, ఈ రెండిట్లో ఏది నిజమో చాలాకాలం పాటు డాక్టర్లు కూడా పరీక్షించి చూడలేదు. ఆ పరీక్ష ఎప్పుడు జరిగింది, ఎవరు చేశారు, ఏం తేలింది? ఈ రోజు మన కథ అదే. ముందే ఒక మాట: ఇది చరిత్ర, ప్రిస్క్రిప్షన్ కాదు.

తోడేలు పేరు పెట్టుకున్న జబ్బు

లూపస్ అంటే లాటిన్‌లో తోడేలు. చర్మాన్ని కొరికేసినట్టు కనిపించే పుండ్లకి మధ్యయుగాల్లోనే యూరప్‌లో ఈ పేరు వాడేవారు. 1851లో పారిస్ డాక్టర్ కాజెనావ్ "లూపస్ ఎరిథెమాటోసస్" అనే పూర్తి పేరు వాడుకలోకి తెచ్చాడు. అప్పటికి ఇది చర్మ వ్యాధి మాత్రమే అనుకున్నారు. 1872లో వియన్నాలో మోరిట్జ్ కపోసీ అనే డాక్టర్, ఇది చర్మంతో ఆగదు, జ్వరం, కీళ్ల నొప్పులు, ఇంకా ఒళ్లంతా బాధలు తెస్తుంది అని రాశాడు. గుండె, కిడ్నీల దాకా వెళ్తుందని తర్వాత విలియం ఆస్లర్ లాంటివాళ్లు చూపించారు.

ఇప్పుడు మనకి తెలిసింది ఇది: మన ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే దారి తప్పి మన ఒంటి మీద దాడి చేస్తుంది. కంచే చేను మేసినట్టు అన్నమాట. లూపస్ వచ్చే పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది ఆడవాళ్లే, అదీ ఎక్కువగా చదువు, ఉద్యోగం, పెళ్లి, పిల్లలు అనే వయసులో. సింగర్ సెలీనా గోమెజ్ తనకి లూపస్ ఉందని 2015లో చెప్పింది, 2017లో కిడ్నీ మార్పిడి చేయించుకుంది. అందువల్ల ఈ పేరు మీలో చాలామంది వినే ఉంటారు.

కిడ్నీ, గుండె, కీళ్లు అన్నీ ఒక ఎత్తు. కానీ మిమ్మల్ని ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఏంటి అని పేషెంట్లని అడిగితే, ఎక్కువమంది ముందు వరసలో చెప్పేది అలసట. మరి దీనికి "రెస్ట్" అనే జవాబు ఎక్కడి నుంచి వచ్చింది?

రెస్ట్ మందుగా మారిన కాలం

19వ శతాబ్దంలో చాలా జబ్బులకి సరైన మందుల్లేవు. అలాంటప్పుడు డాక్టర్ చేతిలో ఉన్న పెద్ద ఆయుధం మంచం. లండన్ సర్జన్ జాన్ హిల్టన్ 1863లో, దెబ్బతిన్న శరీరభాగానికి విశ్రాంతి ఇస్తే ప్రకృతే నయం చేస్తుంది అని తన ఉపన్యాసాలని పుస్తకంగా వేశాడు. విరిగిన ఎముక విషయంలో ఇది నిజమే కదా. సమస్య ఏంటంటే, ఎముకకి పనికొచ్చిన సూత్రాన్ని మొత్తం మనిషికి పెట్టేశారు.

దాన్ని పరాకాష్ఠకి తీసుకెళ్లింది అమెరికాలో ఫిలడెల్ఫియాకి చెందిన సైలస్ వైర్ మిచెల్. అంతర్యుద్ధంలో గాయపడ్డ సైనికుల నరాల మీద పనిచేసిన పెద్ద డాక్టర్ ఆయన. 1870ల్లో ఆయన "రెస్ట్ క్యూర్" అనే పద్ధతి తెచ్చాడు. విపరీతమైన అలసటతో వచ్చిన ఆడవాళ్లని వారాల తరబడి మంచం మీద ఉంచేవారు. పాలు, కొవ్వు బాగా పట్టించేవారు. చదవకూడదు, రాయకూడదు, చుట్టాలు రాకూడదు.

ఆ వైద్యం చేయించుకున్నవాళ్లలో షార్లట్ పెర్కిన్స్ గిల్మన్ అనే రచయిత్రి ఉంది. ఆ అనుభవం తనని దాదాపు పిచ్చి అంచుదాకా తీసుకెళ్లిందని ఆవిడే చెప్పింది. 1892లో "ది ఎల్లో వాల్‌పేపర్" అనే కథ రాసింది. ఒక గదిలో రెస్ట్ పేరుతో బంధించిన ఆడమనిషి మెల్లగా మతి తప్పడం ఆ కథ. గిల్మన్‌కి ఉన్నది లూపస్ కాదు. కానీ "అలసిపోయిన ఆడదానికి మందు మంచం" అనే ఆలోచన ఎంత బలంగా ఉండేదో ఈ కథ చూపిస్తుంది.

మంచమే మనిషిని పడితే

మన తెలుగులో "ఆయన మంచం పట్టాడు" అంటాం. అంటే జబ్బు ముదిరింది, దానివల్ల మంచం ఎక్కాడు అని. 1947లో లండన్ డాక్టర్ రిచర్డ్ ఆషర్ దీన్ని తిరగేశాడు. మంచం పట్టడం వల్లే జబ్బు ముదురుతుంది అన్నాడు. బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఆయన రాసిన వ్యాసం పేరుని తెలుగులో చెప్పాలంటే "మంచం ఎక్కడంలో ఉన్న ప్రమాదాలు". పడుకుని ఉంటే కాళ్లలో రక్తం గడ్డకడుతుంది, కండరాలు కరిగిపోతాయి, కీళ్లు బిగుసుకుపోతాయి, ఎముకల్లో కాల్షియం పోతుంది, మనసు కుంగిపోతుంది అని ఒక్కో అవయవాన్నీ తీసుకుని చెప్పాడు.

అయినా అది ఒక డాక్టర్ పరిశీలన. నంబర్లు కావాలి కదా? అవి 1966లో డల్లాస్ నుంచి వచ్చాయి. ఇరవై ఏళ్ల ఆరోగ్యవంతులైన కుర్రాళ్లు, ఐదుగురంటే ఐదుగురే. వాళ్లని మూడు వారాలు మంచం మీద పడుకోబెట్టారు. తర్వాత కొలిస్తే, శ్రమ చేసేటప్పుడు ఒళ్లు ఆక్సిజన్ వాడుకునే గరిష్ఠ సామర్థ్యం నాలుగో వంతుకి పైగా పడిపోయింది. ఆ తర్వాత ట్రైనింగ్ ఇస్తే మళ్లీ పెరిగింది. ముప్పై ఏళ్ల తర్వాత అదే ఐదుగురిని పిలిచి మళ్లీ కొలిచారు. ముప్పై ఏళ్ల వయసు చేసిన నష్టం కన్నా, అప్పటి మూడు వారాల మంచం చేసిన నష్టమే ఎక్కువ! ఏ జబ్బూ లేని కుర్రాళ్ల సంగతే ఇలా ఉంటే, అసలే జబ్బున్న మనిషిని నెలల తరబడి పడుకోబెడితే ఏమవుతుందో ఊహించుకోండి.

మరి లూపస్ వాళ్లని ఎందుకు లేపలేదు?

ఇక్కడ డాక్టర్లని తిట్టేయడం తేలిక. కానీ అప్పటి పరిస్థితి చూడాలి. 1955లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ డాక్టర్లు 99 మంది లూపస్ పేషెంట్ల లెక్క తీశారు. జబ్బు బయటపడ్డాక నాలుగేళ్లకి బతికున్నది సుమారు సగం మందే. మనిషి బతుకుతుందా లేదా అన్నదే ప్రశ్నగా ఉన్నప్పుడు, "రోజూ నడుస్తున్నావా?" అని ఎవరు అడుగుతారు?

అమెరికన్ రచయిత్రి ఫ్లానరీ ఓకానర్ సరిగ్గా ఆ కాలం మనిషి. ఆమె నాన్నగారు 1941లో లూపస్‌తోనే చనిపోయారు. పాతికేళ్ల వయసులో ఆమెకీ అదే వచ్చింది. అప్పుడే కొత్తగా వచ్చిన హార్మోన్ మందులు, స్టెరాయిడ్లు ఆమె ప్రాణం నిలబెట్టాయి. జార్జియా రాష్ట్రంలో అమ్మతో పాటు ఒక ఫామ్‌లో ఉంటూ, నెమళ్లు పెంచుకుంటూ, పొద్దున పూట కొన్ని గంటలు మాత్రం రాసుకునేది. ఒంట్లో ఉన్న ఆ కాస్త ఓపికనీ రాతకే దాచుకునేది. తుంటి ఎముకలు దెబ్బతిని చంకకర్రల మీద నడిచింది. 1964లో, 39 ఏళ్లకి చనిపోయింది.

తర్వాత పరిస్థితి మారింది. స్టెరాయిడ్లు వాడటం డాక్టర్లకి బాగా పట్టుబడింది. మలేరియా మందుగా పుట్టిన హైడ్రాక్సీక్లోరోక్విన్ లూపస్‌కి పనికొచ్చింది. డయాలసిస్ వచ్చింది, కిడ్నీని కాపాడే మందులొచ్చాయి. మెల్లగా ఎక్కువమంది పదేళ్లు, ఇరవై ఏళ్లు బతకడం మొదలైంది. అప్పుడే కొత్త ప్రశ్న పుట్టింది. బతికాం సరే, ఇంత నీరసంతో ఎలా బతకాలి? అంటే అలసట అనే సమస్య కొత్తగా పుట్టలేదు. దాని గురించి అడిగే తీరిక వైద్యానికి అప్పుడు దొరికింది.

1989: కొలత మొదలైన ఏడాది

1989లో రెండు పనులు జరిగాయి. ఒకటి న్యూయార్క్‌లో. లారెన్ క్రప్ అనే న్యూరాలజిస్ట్, ఆమె టీమ్ కలిసి అలసటని కొలిచే ఒక స్కేల్ తయారుచేశారు. తొమ్మిది వాక్యాలు, ఒక్కోదానికి 1 నుంచి 7 వరకు మార్కులు. దాన్ని పరీక్షించింది ఎవరి మీదో తెలుసా? మల్టిపుల్ స్క్లెరోసిస్, లూపస్ పేషెంట్ల మీద. ఇది చిన్న కాగితమే. కానీ దీని విలువ ఆలోచించండి. రక్తపరీక్షలో కనిపించని బాధకి ఒక అంకె వచ్చింది. "నీకేం లేదు, రిపోర్టులు బాగానే ఉన్నాయి" అని పంపించేసే వీలు తగ్గింది.

రెండోది బోస్టన్‌లో. అక్కడ కొంతమంది లూపస్ పేషెంట్లతో ఎనిమిది వారాల ఏరోబిక్ వ్యాయామం చేయించి చూశారు. చాలా చిన్న పైలట్ స్టడీ. దాని నుంచి పెద్ద తీర్పులు ఇవ్వలేం. కానీ ఒక తలుపు తెరుచుకుంది. లూపస్ ఉన్నవాళ్లు వ్యాయామం చెయ్యగలరు, చేస్తే ఉపయోగం కనిపించే అవకాశం ఉంది అని.

లండన్‌లో అసలు పోటీ

ఇప్పుడు కథలో ముఖ్యమైన ఘట్టానికి వచ్చాం. 2003లో లండన్ పరిశోధకులు ఒక ట్రయల్ ఫలితాలు ప్రచురించారు. మొత్తం 93 మంది లూపస్ పేషెంట్లు. వాళ్లని లాటరీ తీసినట్టు మూడు గుంపులుగా విడదీశారు. మొదటి గుంపు 12 వారాల పాటు ఇంటి దగ్గరే మెల్లగా పెంచుకుంటూ పోయే వ్యాయామం చెయ్యాలి. రెండో గుంపు రిలాక్సేషన్ సాధన చెయ్యాలి. మూడో గుంపు ఎప్పట్లాగే ఉండాలి.

గమనించారా? వందేళ్లకి పైగా నోటిమాటగా నడిచిన "విశ్రాంతా, కదలికా" అనే వాదన, ఇక్కడ ఒకే బరిలోకి దిగింది. నిజమే, రిలాక్సేషన్ అంటే మిచెల్ గారి మంచం కాదు. కానీ కూర్చుని సేదతీరడం ఒకవైపు, లేచి నడవడం ఇంకోవైపు నిలబడ్డాయి.

ఫలితం చూడండి. "చాలా మెరుగయ్యాను" అని చెప్పినవాళ్లు వ్యాయామం గుంపులో 33 మందిలో 16 మంది, అంటే దాదాపు సగం. రిలాక్సేషన్ గుంపులో 8 మంది, దాదాపు 28 శాతం. ఏమీ చెయ్యని గుంపులో 32 మందిలో 5గురు, 16 శాతం. ఇంకో ముఖ్యమైన సంగతి, వ్యాయామం చేసినవాళ్లలో లూపస్ తిరగబెట్టలేదు. "కదిలితే జబ్బు రేగుతుంది" అనే భయానికి అది గట్టి సమాధానం.

ఇక్కడ ఆగిపోతే నేను మీకు సగం నిజమే చెప్పినట్టు. అదే ట్రయల్‌లో అలసటని మూడు రకాల స్కేళ్లతో కొలిస్తే, ఒక్కదాంట్లోనే స్పష్టమైన తేడా వచ్చింది. పైగా దాదాపు సగం మంది మెరుగయ్యారంటే, మిగతా సగం మందికి అంత ఉపయోగం కనిపించలేదనే కదా. అంటే వ్యాయామం మంత్రం కాదు. చాలామందికి కొంత సాయం చేసే పని, అంతే. ఈ "కొంత" అనే మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో దీనితో పనుంది.

బ్రెజిల్ నుంచి వీడియో గేమ్ దాకా

ఆ తర్వాత ఈ ప్రయోగం ఊళ్లు దాటింది. 2005లో బ్రెజిల్ పరిశోధకులు 60 మంది ఆడవాళ్లతో చేసిన స్టడీ వచ్చింది. 12 వారాల ట్రైనింగ్ తీసుకున్నవాళ్లలో శ్రమ తట్టుకునే శక్తి, జీవన నాణ్యత మెరుగయ్యాయి.

2011లో వచ్చిన స్టడీ మీకు బాగా నచ్చుతుంది. నింటెండో వాళ్ల వీ ఫిట్ గుర్తుందా? టీవీ ముందు ఒక బోర్డ్ మీద నిలబడి ఆడే గేమ్. అమెరికాలో లూపస్ ఉన్న 15 మంది నల్లజాతి మహిళలకి ఆ గేమ్‌నే వ్యాయామంగా ఇచ్చారు. ఇంట్లోనే, వారానికి మూడు రోజులు, రోజుకి అరగంట, పది వారాలు. అలసట స్కోరు తగ్గింది. ఆ స్కోరు కొలిచింది దేనితో అనుకుంటున్నారు? 1989 నాటి ఆ తొమ్మిది వాక్యాల కాగితంతోనే. ఇది కూడా చిన్న స్టడీనే, పోల్చడానికి వేరే గుంపు లేదు. అయినా అమెరికాలో నల్లజాతి మహిళలకి లూపస్ ఎక్కువగా, తీవ్రంగా వస్తుంది. వాళ్ల ఇంటికే వ్యాయామాన్ని తీసుకెళ్లడం చిన్న విషయం కాదు. జిమ్‌కి వెళ్లే డబ్బు, తీరిక, ఎండలో తిరిగే వీలు లేనివాళ్లకి ఇల్లే జిమ్ అన్నమాట.

ఇది ఎలా పనిచేస్తుంది?

సింపుల్‌గా చెప్తాను. జబ్బు వల్ల నీరసం వస్తుంది, నీరసం వల్ల కదలడం తగ్గుతుంది. కదలకపోతే కండ కరుగుతుంది, గుండె, ఊపిరితిత్తుల సత్తువ తగ్గుతుంది. స్టెరాయిడ్లు ఎక్కువకాలం వాడితే కండరాలు ఇంకా బలహీనపడతాయి. అప్పుడు మెట్లెక్కడం లాంటి చిన్న పని కూడా, ఉన్న శక్తిలో పెద్ద భాగం తినేస్తుంది. నెలకి లక్ష వచ్చే ఇంటికి పదివేల అద్దె బరువు కాదు. పదిహేను వేలు వచ్చే ఇంటికి అదే అద్దె ప్రాణం తీస్తుంది. వ్యాయామం ఆ అద్దె తగ్గించదు, జీతం పెంచుతుంది. పైగా నిద్ర, మూడ్ బాగుపడటానికి కూడా సాయపడుతుంది.

కానీ అలసట మొత్తం దీనివల్లే కాదు. రక్తహీనత, థైరాయిడ్, నిద్రలేమి, డిప్రెషన్, నొప్పి, జబ్బు యాక్టివ్‌గా ఉండటం, ఇలా చాలా కారణాలుంటాయి. ముందు అవి చూడకుండా "వాకింగ్ చెయ్" అనేస్తే అది వైద్యం అనిపించుకోదు.

ఒక హెచ్చరిక కూడా చరిత్రలోనే ఉంది

అలసట అన్నంతమాత్రాన అన్నీ ఒకటి కాదు. క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ అని ఇంకో జబ్బు ఉంది. దాంట్లో కొంచెం ఎక్కువ శ్రమ పడితే, రోజుల తరబడి పరిస్థితి దిగజారిపోతుంది. దానికి కూడా మెల్లగా పెంచే వ్యాయామాన్ని చాలా ఏళ్లు సిఫార్సు చేశారు. పేషెంట్లు "మాకు ఎక్కువవుతోంది" అని మొత్తుకున్నారు. చివరికి 2021లో ఇంగ్లండ్‌లో నైస్ అనే సంస్థ, ఆ జబ్బుకి ఆ పద్ధతి ఇవ్వొద్దని మార్గదర్శకాలు మార్చింది. చూశారా, ఎముకకి పనికొచ్చిన రెస్ట్‌ని మనిషికంతా పెట్టినట్టే, ఒక జబ్బుకి పనికొచ్చిన వ్యాయామాన్ని ఇంకో జబ్బుకి పెట్టారు. రెండుసార్లూ జరిగిన పొరపాటు ఒకటే: పేషెంట్ చెప్పేది వినకపోవడం.

లూపస్ విషయంలో మాత్రం సాక్ష్యం ఒకే దిశలో పేరుకుంటూ వచ్చింది. 2023లో యూరప్ రుమటాలజీ సంఘాల కూటమి యూలార్ ఇచ్చిన సిఫార్సుల్లో లూపస్ ఉన్నవాళ్లకి వ్యాయామం కూడా ఉంది. మందులతో పాటు అని, మందుల బదులు అని కాదు.

మన దగ్గరికి వస్తే

లూపస్‌కి ఎండ పడదు. విజయవాడ, రామగుండం ఎండల్లో "బయట నడవండి" అన్న సలహా వాళ్లకి ప్రమాదం. కాబట్టి సూర్యుడు రాకముందో, చీకటి పడ్డాకో, లేదంటే ఇంట్లో వరండాలోనో. మొదటి వారం ఐదు నిమిషాలు అయినా చాలు. జ్వరం, కీళ్ల వాపు ఉండి జబ్బు రేగిన రోజుల్లో ఆగాలి. ఛాతీ నొప్పి, ఆయాసం, తుంటి నొప్పి ఉంటే ముందు డాక్టర్‌కి చూపించాలి. ఫోన్‌లో ఎవరో పెట్టిన ముప్పై రోజుల ఛాలెంజ్ మీ కోసం తయారుచేసింది కాదు. పదివేల అడుగులు పూర్తవ్వలేదని ఏడవాల్సిన పని అసలే లేదు.

ఇప్పుడు ఇందాకటి "కొంత" అనే మాట దగ్గరికి వద్దాం. మీ ఇంట్లోనో, హాస్టల్ రూమ్‌లోనో లూపస్ ఉన్న అక్కో, ఫ్రెండో ఉంటే, "లేచి నడిస్తే పోతుంది" అనకండి. వ్యాయామం చేసినవాళ్లలో కూడా దాదాపు సగం మందికి అంత ఉపయోగం కనిపించలేదు, అది వాళ్ల తప్పు కాదు. "అస్సలు కదలకు" అని కూడా అనకండి. ఆ మాట ప్రేమతో అన్నా, ఉన్న కాస్త సత్తువనీ మెల్లగా తీసేస్తుంది. "ఈ రోజు ఎలా ఉంది? ఓపికుంటే ఓ పది నిమిషాలు నడుద్దామా? లేదంటే రేపు చూద్దాం" అని అడిగి, వచ్చిన జవాబుని నమ్మండి. చరిత్రలో డాక్టర్లకి ఈ ప్రశ్న అడగడానికి వందేళ్లకి పైగా పట్టింది. మనకి అంత టైమ్ అక్కర్లేదు కదా.

ఈ ఎపిసోడ్ ఇక్కడితో అయిపోయింది. అవసరం ఉన్నవాళ్లెవరైనా మీకు తెలిస్తే వాళ్లకి పంపించండి. ఇంకో ఎపిసోడ్‌లో, ఇంకో కథతో కలుద్దాం. అంతవరకు సెలవు.